పాల లెక్క రాసినట్టు లక్ష్యం రాసుకోండి

మా ఇంట్లో అటక మీద 2018 నాటి డైరీ ఒకటుంది. జనవరి 1 పేజీలో నా చేతిరాతతో పదకొండు లక్ష్యాలున్నాయి. బరువు తగ్గాలి, ఇంగ్లీషు బాగుపడాలి, ప్రమోషన్ కొట్టాలి, గిటార్ నేర్చుకోవాలి, అమ్మకు రోజూ ఫోన్ చేయాలి, ఇలా. వాటి పక్కన జనవరి 9 దాకా టిక్కులు కనిపిస్తాయి. సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక ఒక్కటీ లేదు.

అలాగని డైరీ ఖాళీగా లేదు. జనవరి 20 నుంచి డిసెంబరు చివరిదాకా ప్రతి పేజీ పైమూలన పాల లెక్క ఉంది. రెండు ప్యాకెట్లు, రెండు, రెండు, మూడు (చుట్టాలొచ్చారు), లేదు, రెండు. పనమ్మాయి నాగా పెట్టిన రోజున పక్కనే చిన్న సున్నా. రాసిన చెయ్యి అదే, పెన్నూ అదే. తొమ్మిది రోజుల్లో లక్ష్యాలు వదిలేసిన మనిషి పదకొండు నెలలు పాల లెక్క తప్పలేదు!

ఎందుకని చాలాసార్లు ఆలోచించాను. డైరీ ఫ్రిజ్ మీద ఉండేది. పాలు లోపల పెట్టేటప్పుడు చేతికి తగిలేది. రాసేది ఒక్క అంకె. నెల తిరిగేసరికి డబ్బులకు మనిషి గుమ్మంలోకి వచ్చేవాడు. పాలు రాని రోజు ‘లేదు’ అని రాసేవాళ్లమే తప్ప, ఒకరోజు రాలేదని లెక్క మానేయలేదు. నేను ఇప్పుడు లక్ష్యాలు పెట్టుకునే పద్ధతి ఇందులోంచి వచ్చిందే. మొన్న ఉగాదికి మా చిన్నమ్మ కొడుకు ఇంటికొస్తే అదే చెప్పాను. ఉండేది ఎల్బీనగర్, ఆఫీసు రాయదుర్గం దగ్గర, పని మాన్యువల్ టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా వాడిచూసి తప్పులు పట్టుకోవడం. భార్య టీచర్, మూడేళ్ల పాప. హైదరాబాద్‌లో చాలామంది బతుకు ఇంచుమించు ఇదే కాబట్టి అతని లెక్కతోనే చెప్తాను. పేరు మాత్రం రాయొద్దన్నాడు.

1. ముందు గంటల ఆదాయం చూడండి

ఉగాది నాడు పంచాంగం తెరవగానే మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని చూస్తాం. ఆదాయం 5, వ్యయం 11 అని ఉంటే “ఈ ఏడు కూడా అంతేనా” అని నవ్వుకుంటాం. లక్ష్యాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆదాయం చూడకుండానే వ్యయం రాసుకుంటూ పోతాం. ఇక్కడ ఆదాయమంటే గంటలు.

వారానికి 168 గంటలు. మా తమ్ముడి లెక్క ఇలా వచ్చింది. నిద్ర రోజుకు ఏడు చొప్పున 49. ఆఫీసు 45. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు సీటు దాకా గంటన్నర, మళ్లీ వెనక్కి గంటన్నర, ఐదు రోజులకు 15. స్నానం, తిండి, పాప, కూరగాయలు, ఇంటిపని అన్నీ కలిపి 28. మొత్తం 137. “అన్నా, 31 గంటలు మిగిలాయి!” అని సంబరపడ్డాడు.

ఆ 31 కాగితం మీదివి. ఒక వారం నిజంగా రాసి చూడమన్నాను. రాశాడు. ఫోన్‌కు 14 గంటలు. ఆదివారం పెళ్లికి 6. పాప జ్వరం, కరెంటు బిల్లు, ఎందుకు వెళ్లాడో గుర్తులేని పనులు కలిపి 5. మిగిలింది ఆరు. ఆ ఆరులో నాలుగు గంటలు పాప పడుకున్నాక రాత్రి పదిన్నర తర్వాతవి. అప్పుడు పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. అంటే చేతికొచ్చేవి రెండు.

మీరు కూడా ఇదే చేయండి. పండగ వారమూ, ప్రాజెక్టు రిలీజ్ వారమూ వదిలేసి మామూలు వారం ఒకటి తీసుకోండి. మధ్యాహ్నం తిన్నాక, సాయంత్రం ఇల్లు చేరాక, పడుకోబోయే ముందు, మూడుసార్లు ఆగి అప్పటిదాకా సమయం ఎటు పోయిందో నాలుగు ముక్కలు రాయండి. చెప్పుకోడానికి సిగ్గేసేవి కూడా రాయండి. ఎవరికీ చూపించే పని లేదు.

తర్వాత, ఇప్పటికే ఖర్చవుతున్న గంటల్లో పనికొచ్చేవి ఉన్నాయేమో వెతకండి. అతనికి మెట్రోలో దొరికాయి. ఎల్బీనగర్ రెడ్ లైన్‌కు మొదటి స్టేషన్ కాబట్టి ఉదయం సీటు దొరుకుతుంది. అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్ పట్టుకునేదాకా అరగంట పైమాటే. ఆ తర్వాత రాయదుర్గం దాకా నిలబడటమే, దాన్ని లెక్కలో వేయలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కేవాళ్లకు ఈ అదృష్టం తక్కువ. మీ అరగంట వేరేచోట ఉంటుంది. పాపను డాన్స్ క్లాసులో దింపి బయట బండి మీద కూర్చునే సమయం కావచ్చు, ఆఫీసు క్యాబ్ కోసం ఎదురుచూసే సమయం కావచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, మగవాళ్లు ముఖ్యంగా వినాలి. ఈ గంటలు ఎవరి ఖాతాలోంచి వస్తున్నాయో కూడా చూడండి. నేను పొద్దున ఐదున్నరకు వాకింగ్ మొదలుపెట్టిన కొత్తలో చాలా గొప్పగా ఫీలయ్యాను. నాలుగో రోజు మా ఆవిడ అడిగింది, “ఆ టైములో లంచ్ బాక్సులు ఎవరు సర్దుతున్నారో తెలుసా?” నా గంట ఆమె గంటలోంచి తీసుకున్నదే. మంగళ, గురువారాలు ఆమె వెళ్తుంది, బాక్సులు నేను సర్దుతాను అని ఒప్పందమయ్యాకే నా నడక నిలబడింది. ఇంట్లోవాళ్లతో ఈ బేరం కుదరకుండా లక్ష్యం రాసుకుంటే రెండో వారంలోనే గొడవ మొదలవుతుంది.

2. మనసులో ఉన్నవన్నీ రాసి, ఎవరివో అడగండి

ఒక తెల్లకాగితం మీద అనుకుంటున్నవన్నీ రాసేయండి. ఇరవై వచ్చినా, ముప్పై వచ్చినా పర్వాలేదు. తర్వాత ఒక్కోదాని పక్కన అది ఎవరి కోరికో రాయండి. నాది, నాన్నది, బావమరిది అమెరికా వెళ్లాడు కాబట్టి వచ్చింది, లింక్డ్‌ఇన్‌లో చూసి వచ్చింది.

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే ఆ ఏడాది ఊరంతా ఏం నేర్చుకోవాలనుకుంటోందో తెలిసిపోతుంది. ఒకప్పుడు ఫ్లెక్సీల నిండా జావా, శాప్, టెస్టింగ్ టూల్స్. తర్వాత డేటా సైన్స్, క్లౌడ్. ఇప్పుడు ఏ బోర్డు చూసినా ఏఐ. ఆ కోర్సులు పనికిరావని నేననను. అక్కడ చదివి స్థిరపడ్డవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. కానీ ఫ్లెక్సీ చూసి పుట్టిన కోరిక, పక్కన కొత్త ఫ్లెక్సీ లేవగానే అటు పోతుంది.

నేను వాడే పరీక్ష ఒకటుంది. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయన “ఇప్పుడేం చేస్తున్నావు బాబూ” అంటే గర్వంగా చెప్పుకోవచ్చన్నదే ఆ లక్ష్యంలో మీకు నచ్చిన విషయమైతే దాన్ని కొట్టేయండి. నా గిటార్ అలాగే పోయింది. నాకు పాట వినడం ఇష్టం, వాయించడం కాదు.

మిగిలినవాటిలో ఉద్యోగానికి ఒకటి, సొంతానికి ఒకటి ఉంచుకోండి. రెండే. వారానికి ఆరు గంటలు ఆదాయమున్న మనిషి పదకొండు లక్ష్యాలు పెట్టుకుంటే ఒక్కోదానికి అరగంట కాస్త పైన దక్కుతుంది, అంతే. మిగతావి ‘తర్వాత’ అని ఒక పేజీలో రాసిపెట్టండి, అవి ఎక్కడికీ పోవు. అశోక్‌నగర్ రూముల్లో ఉండి చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లయితే రెండోదాన్ని మాత్రం ఒంటికి సంబంధించిందే పెట్టుకోండి. నిద్రో, నడకో. ఏడాదంతా కుర్చీకి అతుక్కుపోయే చదువుకు అదీ అవసరమే.

3. పైన ఫలితం, కింద పని: రెండు లైన్లు

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. కాస్త ఆగుదాం.

తమ్ముణ్ని ఇంటి దగ్గరి ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లి, చాయ్ ముందు పెట్టి అడిగాను.

“ఏం చేద్దామనుకుంటున్నావు?”

“డేటా సైడ్ వెళ్దామని అన్నా.”

“డేటా సైడ్ అంటే?”

“అదే... డేటా ఇంజనీరింగ్ లాంటిది.”

“ఆ పని చేసేవాళ్లు రోజంతా ఏం చేస్తారో ఎప్పుడైనా చూశావా?”

“లేదు. మా ఫ్లోర్‌లోనే ఒక టీమ్ ఉంది కానీ...”

“సరే, వెళ్లిపోయావని మనకెలా తెలుస్తుంది?”

“ఆఫర్ వస్తే.”

“ఆఫర్ ఇవ్వడం నీ చేతిలో ఉందా?”

ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి అలాగే పట్టుకున్నాడు. సగం విరిగి కప్పులో పడింది.

చిక్కంతా అక్కడే. ‘డేటా సైడ్’ అంటే ఎటు వెళ్లాలో తెలియదు. ‘ఆఫర్’ అంటే తెలుస్తుంది కానీ అది ఇంకొకరి చేతిలో ఉంది. అందుకే రెండు లైన్లు కావాలి. పైలైన్‌లో ఎటు పోతున్నామో, కిందిలైన్‌లో వారం వారం మన చేత్తో ఏం చేస్తామో. ఆ సాయంత్రం హోటల్ బిల్లు వెనక రాసింది ఇది.

పైన: జూన్ 30 లోపు మా కంపెనీలోనే డేటా టీమ్ పోస్టుకు అప్లై చేసి, ఇంటర్వ్యూకు కూర్చోవాలి.
కింద: వారానికి మూడు ఉదయాలు, ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష) ప్రశ్నలు ఐదు.

దీనికి ముందు చిన్న పని ఒకటి పెట్టాను. ఆ వారంలోనే ఆ టీమ్‌లో ఒకరితో లంచ్‌కు కూర్చుని వాళ్ల పనేమిటో అడగాలి. మూడు నెలలు పెట్టబోయే ముందు ఒక పూట భోజనం ఖర్చు పెట్టడంలో నష్టమేమీ లేదు.

లక్ష్యాల గురించి ఎక్కడ ట్రైనింగ్ ఇచ్చినా ‘స్మార్ట్’ అనే అయిదక్షరాలు చెప్తారు. 1981లో జార్జ్ డోరన్ అనే అమెరికన్ కన్సల్టెంట్ మేనేజర్ల కోసం రాసిన వ్యాసంలోంచి వచ్చిందది. స్పష్టంగా ఉండాలి, కొలవగలగాలి, గడువుండాలి, వగైరా. ఇప్పుడు అందరూ ‘ఏ’ అంటే సాధ్యమయ్యేది అని చెప్తారు గానీ, ఆయన రాసిన అర్థం వేరు: ఫలానా పని ఫలానా మనిషిది అని అప్పగించడం. నాకు పాత అర్థమే నచ్చింది. ఇంట్లో “డబ్బు దాచాలి” అని ఇద్దరూ అనుకుని, ఎవరు దాచాలో అనుకోకపోతే ఎవరూ దాచరు.

ఎడ్విన్ లాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1968 నుంచి, తర్వాత గ్యారీ లాథమ్‌తో కలిసి చేసిన పరిశోధనల్లో పదేపదే తేలింది ఒకటుంది. “నీకు చేతనైనంత చెయ్యి” అన్నవాళ్లకన్నా, స్పష్టంగా, కాస్త కష్టంగా ఉన్న లక్ష్యం ఇచ్చినవాళ్లు ఎక్కువ చేస్తారు. మనం “చూద్దాంలే, వీలైనంత చేస్తా” అంటాం చూడండి, ఆ మాటలోనే లక్ష్యం ఆవిరైపోతుంది. పనిలోపనిగా ఒక కట్టుకథ కూడా వదిలించుకోండి. 1953లో యేల్ యూనివర్సిటీలో లక్ష్యాలు రాసుకున్న మూడు శాతం మంది, మిగతా 97 శాతం కన్నా ఎక్కువ సంపాదించారని మోటివేషన్ స్పీకర్లు చెప్తుంటారు. అలాంటి సర్వే జరిగిన ఆధారమే లేదు. రాసుకోవడం మంచిదే, కానీ రాసినంత మాత్రాన కోట్లు రావు.

సొంత లక్ష్యానికి నా ఉదాహరణే చెప్తాను. రెండేళ్ల కిందట హెచ్‌బీఏ1సీ అనే షుగర్ రక్తపరీక్షలో 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 గానీ, ఆ పైన గానీ ఉంటే షుగర్ కిందే లెక్క. “షుగర్ రాకుండా చూసుకోవాలి” అని రాసుకుంటే అది భయమే, లక్ష్యం కాదు. డాక్టర్‌తో మాట్లాడాక ఇలా రాసుకున్నాను. పైన: మూడు నెలల తర్వాతి పరీక్షలో 6 లోపుకు రావాలి. కింద: వారానికి ఐదు రోజులు, అరగంట నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు అక్కడికి సరిపోయాయి. మీకు ఎంత రావాలో మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

ఈ పరీక్ష నాకు ఇంకో సంగతి కూడా నేర్పింది. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది. వారం నడిచి పరీక్ష చేయించుకుంటే ఏమీ తెలియదు, ఊరికే నీరసం వస్తుంది. ప్రతి పైలైన్‌కూ ఇలా తనదైన గడువు ఉంటుంది. బరువుకు కొన్ని వారాలు, కొత్త ఉద్యోగానికి నెలలు. అప్పటిదాకా కిందిలైన్‌నే చూస్తూ ఉండాలి.

4. తేదీ వేసేముందు క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు చూడండి

మనిషి తన పని ఎంతకాలం పడుతుందో ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో వచ్చిన ఒక పరిశోధనలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో ముగుస్తుందనుకున్నారు. పట్టింది 55 రోజుల పైనే. కొత్త ఇంటి ఇంటీరియర్ పని చేయించినవాళ్లకు ఈ విషయం చెప్పక్కర్లేదు.

గోడ క్యాలెండర్ దించి టేబుల్ మీద పెట్టండి. తమ్ముడికి ఉగాది నుంచి జూన్ చివరి దాకా పన్నెండు వారాలున్నాయి. శ్రీరామనవమికి ఊరు. మేలో రెండు పెళ్లిళ్లు, ఒకటి ఖమ్మంలో. పాపకు సెలవులని అత్తగారింటికి నాలుగు రోజులు. ఆఫీసులో ఒక రిలీజ్. అన్నీ కొట్టేస్తే తొమ్మిది వారాలు. వారానికి మూడు చొప్పున 36 గళ్లు గీసుకున్నాడు కానీ, 27 నిండితే గెలిచినట్టే అని ముందే ఒప్పుకున్నాం.

నా అనుభవంలో అన్నిటికన్నా మంచి కాలం ఆషాఢం. ముహూర్తాలుండవు, గృహప్రవేశాలుండవు, ఎవరూ పిలవరు. బోనాల ఆదివారం ఒక్కటి వదిలేస్తే నెలంతా శని, ఆదివారాలు మీవే. శూన్యమాసమని పేరు గానీ, పనికి అంత నిండైన నెల లేదు. శ్రావణం మొదలైతే మళ్లీ పట్టుకోలేం, ఆ వెనకే వినాయక చవితి, దసరా.

5. ‘తే’ పెట్టి వాక్యం రాయండి

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. “నేను వ్యాయామం చేస్తాను” అనుకోవడంకన్నా “ఫలానా సమయమైతే, ఫలానా చోట ఇది చేస్తాను” అని ముందే తేల్చుకున్నవాళ్లు ఎక్కువగా చేస్తారని ఆయన చూపించాడు. మన భాషలో దీనికి ఒక్క ‘తే’ చాలు.

సీటు దొరికితే ఐదు ప్రశ్నలు. దొరకకపోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక వీడియో. అమీర్‌పేటలో రైలు మారితే ఫోన్ జేబులోకి. వర్షం పడితే నడక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్ల చుట్టూ ఇరవై రౌండ్లు. ఎవరైనా పకోడీలు పెడితే రెండు, మూడోది వద్దు. ఆఖరిది నేను ఇంకా పూర్తిగా నిలబెట్టుకోలేదు.

అడ్డం వచ్చేదేమిటో ముందే తెలిసినప్పుడు దానికి ‘తే’ రాసిపెట్టకపోవడం మన తప్పే. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం వాన పడుతుంది, వాన పడితే ఐటీ కారిడార్‌లో రోడ్లు స్తంభిస్తాయి. ఇది ఆశ్చర్యపోవాల్సిన విషయం కాదు. సాయంత్రం ఏడింటికి జిమ్ అని రాసుకున్నవాళ్లు వానాకాలానికి వేరే వాక్యం రాసుకోవాలి.

6. లెక్క పాల లెక్కంత చిన్నదిగా ఉండాలి

యాప్‌లు వద్దు. రంగుల చార్టులూ వద్దు. చేతికి అందేచోట ఒక కాగితం, పక్కనే దారం కట్టిన పెన్ను. చేస్తే టిక్కు, చేయకపోతే ‘లేదు’. ఖాళీ వదలొద్దు. ఖాళీ వదిలితే నాలుగు రోజుల తర్వాత చేశామో లేదో గుర్తుండదు, ఆ గందరగోళంలోనే మానేస్తాం.

21 రోజుల్లో అలవాటు అయిపోతుందనే మాట 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకంలోంచి ఊరి మీద పడింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద తేడా రాలేదని కూడా వాళ్లు చూశారు. కాబట్టి 22వ రోజున పొద్దున లేవబుద్ధి కాకపోతే మీలో లోపమేమీ లేదు. ‘లేదు’ రాసి పడుకోండి. మర్నాడు ప్యాకెట్ మళ్లీ గుమ్మంలో ఉంటుంది.

డబ్బు లక్ష్యమైతే ఈ టిక్కులు కూడా అక్కర్లేదు. ఏడాదికి 1,20,000 అనుకుంటే నెలకు 10,000. జీతం పడిన మర్నాడే ఆర్‌డీలోకో మరోచోటికో దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో పెట్టేయండి. మన అమ్మలు చీటీ వేసి బంగారం ఎలా కొన్నారు? అయిదో తారీకు వచ్చేసరికి డబ్బు అడిగే మనిషి ఉండేది, ఇవ్వకపోతే వీధిలో పరువు పోయేది. మీ లక్ష్యానికి కూడా అలా తారీకుకు అడిగే మనిషి ఒకరుంటే మంచిది. నాకు మా ఆవిడ, తమ్ముడికి నేను.

ఆఫీసు పోర్టల్‌లో రాసే లక్ష్యాల సంగతి

ఇది వేరే జంతువు. ఏప్రిల్ రాగానే మెయిల్ వస్తుంది, ఫలానా తేదీ లోపు గోల్స్ నింపండి అని. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట ఎనిమిది గోల్స్ చక్కటి ఇంగ్లీషులో రాశాను. జూలైలో ప్రాజెక్టే మారిపోయింది. మార్చిలో రేటింగ్ మీటింగ్‌లో ఆ ఎనిమిదిలో ఒక్కదాని గురించి కూడా ఎవరూ అడగలేదు. “కానీ నేను ఇవి చేశాను” అని చూపిస్తే, “అవి ఇప్పుడు ప్రయారిటీ కాదు కదా” అన్నారు. తప్పు వాళ్లదే అని ఏడాది పాటు తిట్టుకున్నాను. సగం నాది కూడా. జూలైలో పోర్టల్ తెరవని మనిషిని నేనే.

చాలా కంపెనీల్లో ఇప్పుడు ‘ఓకేఆర్’ (ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్) అంటున్నారు. 1970ల్లో ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ పెట్టిన పద్ధతి. అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో దాన్ని గూగుల్‌కు తీసుకెళ్లాడు. ఒక ఉద్దేశం, దాని కింద కొలవగలిగే రెండు మూడు ఫలితాలు. మనం ఇందాక చెప్పుకున్న రెండు లైన్లకు దగ్గరిదే. పద్ధతి మంచిదే గానీ, మూణ్నెల్లకోసారి తీసి చూడకపోతే అది కూడా పోర్టల్‌లో పడి ఉండే కాగితమే.

ఇలా చేయండి. గోల్స్ నింపే ముందే మేనేజర్‌ను అరగంట అడగండి. “ఏం రాయమంటారు” అని అడగొద్దు. “వచ్చే మార్చిలో మీ పై వాళ్లు మిమ్మల్ని దేని గురించి అడుగుతారు? అందులో నేను మోయగలిగింది ఏది?” అని అడగండి. వచ్చిన జవాబులోంచి మూడు రాయండి, అంతకు మించి వద్దు. పని మారిన రోజునే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: “ఇకనుంచి ఫలానాది చూస్తున్నాను కాబట్టి పాత రెండో గోల్ బదులు ఇది పెడుతున్నాను, సరేనా?” ఆయన ‘ఓకే’ అన్న ఒక్క మాట మార్చిలో అక్కరకొస్తుంది. నెలకోసారి, చేసిన పనుల్లో అంకె ఉన్నవి ఒక ఫైల్‌లో రాసిపెట్టుకోండి. ఎన్ని బగ్‌లు, ఎన్ని గంటలు తగ్గించారు, ఎవరు థాంక్స్ చెప్పారు. ఏడాది చివర్లో కూర్చుని గుర్తుచేసుకుంటే గడిచిన రెండు నెలలే గుర్తొస్తాయి.

మీ సొంత ఉద్యోగ లక్ష్యమూ, పోర్టల్‌లో రాసిందీ ఒకటి కానక్కర్లేదు. కంపెనీ మారాలన్నది అందులో రాయరు కదా.

7. ఆదివారం పావుగంట

ఆదివారం టిఫిన్ తిన్నాక, వంటింట్లో కుక్కర్ ఎక్కక ముందు, ఆ కాగితం తీసి చూడండి. టిక్కులెన్ని, ‘లేదు’లెన్ని. ‘లేదు’ రాసిన రోజుల్లో ఒకే కారణం మూడుసార్లు కనిపిస్తే మీ పట్టుదలను తిట్టుకోకుండా సమయమో చోటో మార్చండి. నాకు సోమవారాలన్నీ ‘లేదు’లే వచ్చాయి. ఆదివారం రాత్రి ఆలస్యంగా పడుకోవడం వల్ల. సోమవారం తీసేసి శనివారం పెట్టుకున్నాను, అక్కడితో సరిపోయింది.

నెలకోసారి మాత్రం ఇంకాస్త గట్టిగా అడగాలి. కొనసాగించడమా, తగ్గించడమా, వదిలేయడమా? వదిలేస్తే తేదీ వేసి, కారణం ఒక్క ముక్కలో రాసి అడ్డంగా గీత గీయండి. కొట్టేయకుండా అలా వేలాడదీసిన లక్ష్యమే రోజూ టెన్షన్ పెడుతుంది. నేను గిటార్ మీద గీత గీసిన రోజు నిజంగా తేలికగా నిద్రపట్టింది.

నా సంగతి చెప్పాలంటే, మూడు నెలలకు 6.2 కాస్తా 6.0 అయింది. లోపుకు రావాలనుకున్నాను, గుమ్మం దగ్గర ఆగింది. ఇంకో మూడు నెలలకు 5.8. డాక్టర్ నడక ఆపొద్దన్నాడు, స్వీట్ల గురించి ఇంకో నాలుగు మాటలన్నాడు.

జూన్ చివర్లో తమ్ముడొచ్చాడు. కాగితం మడత పెట్టి జేబులోంచి తీశాడు. 36 గళ్లలో 23 టిక్కులు, మేలో వరసగా ఏడు ‘లేదు’లు. అనుకున్న 27కు నాలుగు తక్కువ. ఇంటర్వ్యూకు కూర్చున్నాడు. ఎస్‌క్యూఎల్ రౌండ్ దాటాడు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష దగ్గర ఆగిపోయాడు. అక్టోబరులో మళ్లీ రమ్మన్నారట. “ఇప్పుడు కింది లైన్‌లో పైథాన్ రాసేద్దామా అన్నా?” అని పెన్ను తీశాడు. పాపను ఆ నెలలోనే స్కూల్లో వేశారు, పొద్దున దింపే పని అతనిది. దింపి అటునుంచి అటే బండి మీద ఆఫీసుకు పోతున్నాడు. మెట్రో సీటు పోయింది. కాగితం వెనక్కి తిప్పి మళ్లీ 168 అని రాశాం.